పక్క లేనివాడు

శివరామన్ మాస్టారు ఒకచోట కుదురుగా ఉండడు. కోవిల్‌పట్టి బస్సులో సీటు దొరికినా అంచునే కూర్చుంటాడు. చూపుడువేలు తొడమీద సున్నాలు చుడుతూనే ఉంటుంది. విరుదునగర్ బళ్ళో ఆయన లెక్కలు చెప్పేది అరవంలో. చతురస్రం భుజాన్ని అక్కడ పక్కం అంటారు; ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో అదే పక్క. ఆవేళ వృత్తానికి పక్కలెన్ని అని క్లాసులో జగడం లేచింది. అసలు లేనే లేవని ఒక పిల్ల, లెక్కలేనన్ని ఉన్నాయని ఇంకో పిల్ల. "ఇద్దరూ చెప్పిందీ సరే," అనేసి, గంట కొట్టగానే బయటపడ్డాడు. తేల్చకుండా వదిలేసిన ఆ ప్రశ్న బస్సులో దారి పొడుగునా బుర్రలో చీమలా పాకుతూనే ఉంది.

ఇంటి గుమ్మం ఎక్కేసరికి ఇంకో జగడం. విరుదునగర్ మిరపకాయల మండీలో దొరికిన పనికి రేపే చేరతానని భార్య సుధాలక్ష్మి, కోడలు పనికి పోతే ఒప్పేది లేదని తల్లి గోవిందమ్మాళ్.

"నువ్వు ఎవురి పక్కరా? సెప్పు!" అంది తల్లి.

శివరామన్ కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. గోడమీద వంకర లేని కేలండరును సర్దాడు.

"ఇద్దురూ సెప్పేదీ సరే కదమ్మా..."

సుధాలక్ష్మి గొంతు పెంచలేదు. మరునాడు కట్టుకోబోయే చీరను మడతపెడుతూ, "పక్కే లేనోళ్ళ పక్కన ఎట్ట ఉండేది?" అంది.

తొడమీద తిరుగుతున్న వేలు సగం సున్నా దగ్గర ఆగిపోయింది.