రూతమ్మ ఆంటీ శనివారాలు

నా వెనక రబ్బరు బూట్ల చప్పుడు ఆగిపోయింది. ప్రమాదం నాకు మొదట చెవులకే తెలిసింది. నాలుగేళ్ల మా అబ్బాయి నిహాల్ బూట్లలోకి నీళ్లు పోయి, అడుగు వేసినప్పుడల్లా కీచుమంటున్నాయి. పాత మార్కెట్ హాలు రాతి స్తంభాల ముందు వాడి అక్క సహస్రను నిలబెట్టి ఫోటో తీస్తున్నంతసేపూ ఆ చప్పుడు వింటూనే ఉన్నాననుకున్నాను. ఫోను దించేసరికి చేపలమ్మేవాడి అరుపులు, చర్చి గంట, టార్పాలిన్ల మీద వానచినుకులు, అన్నీ వినిపిస్తున్నాయి. ఆ కీచుమనడం ఒక్కటే లేదు. ఇప్పటికీ పిల్లలు బడి నుంచి వచ్చి బూట్లు విప్పి గది వేడెక్కించే రేడియేటర్ పక్కన పెడితే, ఆ తడి రబ్బరు వాసనకి ఆ శనివారమే గుర్తొస్తుంది. ఈ రాత్రి కూడా అదే వాసన. పిల్లలు పడుకున్నారు. నిద్ర రాక, రూతమ్మ ఆంటీ గురించి రాయాలని కూర్చున్నాను.

ఆమెది ఒంగోలు దగ్గర పల్లె. ఇక్కడ, ఇంగ్లీషువాళ్ల దేశంలో, ఆస్పత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఈ చలికాలంలో షెఫీల్డులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయేదాకా స్లౌ అనే ఈ ఊళ్లో మా వెనక వీధిలోనే ఉండేవారు. ఆదివారం ఆమె చర్చికి, శనివారం మాకు. శని ఆదివారాలు ఫ్లాట్లలో టీవీ ముందు కూర్చునే మాలాంటి తెలుగు కుటుంబాలను పోగుచేసి, రైలెక్కించి, దగ్గర్లో ఉన్న ఒక పాత సంత ఊరికి తీసుకెళ్లేవారు. వంకర సందులు, ఏటి ఒడ్డు, బాతులు, చర్చి ఆవరణలో నాచు పట్టిన సమాధులు, చివర్లో కాగితంలో చుట్టిన వేడివేడి చిప్స్. మొదటిసారి వెళ్లినప్పుడు నా బ్యాగులో మందులు, రెండేసి జతల బట్టలు, దుప్పటి, పులిహోర డబ్బా ఉన్నాయి. ఆంటీ దాన్ని ఒక చేత్తో ఎత్తి చూసి, "ఏందమ్మా లావణ్యా, కాపురం మార్చేస్తన్నావా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను గాని, దుప్పటి మాత్రం తీసి ఇంట్లో పెట్టలేదు.

ఆమె నడకకు ఒక పద్ధతి ఉండేది. అందరికంటే చిన్న పిల్ల ముందు నడవాలి, మిగిలినవాళ్లు ఆ వేగానికే నడవాలి. అంతకన్నా ముఖ్యం, దారిలో కనిపించే ప్రతి అంగడి దగ్గరా ఆగి, పిల్లలు తమ పేరు తామే గట్టిగా చెప్పాలి. మాంసం కొట్టాయనకి, మందుల షాపు అమ్మాయికి, పూలమ్మే షీలాకి. వాళ్లు తిరిగి వాళ్ల పేర్లు చెప్పాలి. కొన్నాళ్లకి ఆ బజారంతా మా పిల్లల్ని పేరుపెట్టి పలకరించేది. "ఎందుకాంటీ, ముక్కూ మొహం తెలియనివాళ్లకి పిల్లల పేర్లు?" అని ఒకసారి అడిగాను. "చెబితేనే గదమ్మా ముక్కూ మొహం తెలిసేది. నేనొచ్చిన కొత్తల్లో నా పేరు వార్డు డ్యూటీల లిస్టులో తప్ప ఇంకెక్కడా ఉండేది గాదు. జొరమొచ్చి మంచాన బడితే తలుపు గొట్టి రూతూ అని పిలిచినోళ్లు లేరు. పిల్లకాయలకి ఆ ఖర్మెందుకు?" అన్నారు.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చినా, ఇంటికెళ్లి దానికి పూర్తిగా వ్యతిరేకమైనది నేర్పాను. మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ ఒకటే భయం: పిల్లాడు బడిలో ఏదో అన్నాడట, సోషల్ సర్వీసెస్ అనే సర్కారువాళ్లు వచ్చి వాణ్ణి ఇంట్లోంచి తీసుకుపోయారట. ఎవరి పిల్లాడు, ఏ ఊరు అని ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. నిహాల్‌తో మాత్రం, "మమ్మీ కనపడకపోతే ఎవరికీ పేరు చెప్పకు. ఎవరు పిలిచినా పలక్కు. దాక్కో. లేకపోతే నిన్ను తీసుకుపోతారు" అని చెప్పాను. దాన్ని ఆటగా మార్చాను. కాలింగ్ బెల్ మోగితే వాడు సోఫా వెనక దూరేవాడు. చప్పుడు చేయకుండా ఉంటే చాక్లెట్ ఇచ్చేదాన్ని.

ఆ శనివారం బజారులో, "ఆంటీ, నిహాల్ కనపడట్లేదు" అని ఆమె చెవిలో గుసగుసలాడాను.

"ఎక్కడొదిలావు?"

"మీ దగ్గరికే వచ్చాడనుకున్నా."

అది అబద్ధం. ఫోటో కోసం వాడి చెయ్యి వదిలింది నేను. ఆంటీ అప్పుడు వేరే పిల్లలతో చేపల అంగడి దగ్గర ఉన్నారు. ఆమె ఇంకేమీ అడక్కుండా ఫోను తీశారు. "పోలీసులకి జెబుదాం. ఏరు పక్కనే ఉంది." నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. "వద్దాంటీ, మీకు దణ్ణం పెడతా. వాళ్లొస్తే పిల్లల్ని తీసుకుపోతారు."

ఆమె నా మొహంలోకి చూశారు. "పిల్లోడు ఏట్లో పడితే ఎవురు తీసకపోతారమ్మా?" అని, నా వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి ఫోన్ చేశారు.

ఇంతలో షీలా పరుగున వచ్చింది. ఆ పిల్లాడు తన అంగడి దగ్గర ఒంటరిగా నిలబడ్డాడని, ఏమైంది నిహాల్ అని అడగ్గానే పారిపోయాడని చెప్పింది. "వాణ్ణి ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగింది. నా కళ్లు ఆంటీ వైపు తిరిగాయి. అంతే చేశాను. కాని అది చాలు. "నేనే, నేనే చూసుకోవాల్సింది" అన్నారు ఆంటీ ఇంగ్లీషులో, ఏ తడబాటూ లేకుండా.

అప్పుడు సహస్ర నా కోటు పట్టుకుని, ఎప్పట్లాగే ఇంగ్లీషులో అంది: "వాడు తప్పిపోలేదు మమ్మీ. నువ్వు చెప్పినట్టు దాక్కున్నాడు." ఆంటీకి అర్థం కావడానికి క్షణం పట్టలేదు. "అట్టయితే మేం పిలిస్తే రాడు. నువ్వు పిలువు."

"పిలుస్తూనే ఉన్నానాంటీ."

"ఎక్కడ, నీ నోట్లోనా?"

నిజమే. అంతసేపూ నేను వాడి పేరు పక్కవాళ్లకి వినపడనంత మెల్లగా పిలుస్తున్నాను. ఆ తెల్లవాళ్ల బజారు నడిబొడ్డున తెలుగులో గొంతెత్తి అరవడానికి సిగ్గుపడ్డాను. పిల్లాడు కనపడకుండా పోయినా, నలుగురూ నన్ను చూస్తారన్న బెంగ నాకు పోలేదు. "అరువమ్మా!" అని ఆంటీ నా వీపు మీద చరిచారు. "చిన్నోడా! ఒరేయ్ చిన్నోడా, అమ్మనిరా! వచ్చెయ్!" అని అరిచాను. బజారు ఒక్కసారి ఆగింది. షీలా పూల బల్లకి కట్టిన పచ్చ గుడ్డ కదిలింది. పారిపోయిన నిహాల్ చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చి, బల్ల కింద పూల బకెట్ల వెనక దూరి ఉన్నాడు. బయటికి వచ్చి, "నేను గెలిచానా? ఆవిడకి నా పేరు చెప్పలేదు" అన్నాడు.

ఆంటీ పోలీసులకి ఫోన్ చేసి, దొరికాడని చెప్పారు. సంతోషం అని పెట్టేశారట. ఎవరూ రాలేదు, ఎవరినీ తీసుకుపోలేదు.

తిరుగు రైల్లో ఎదురు సీట్లో కూర్చుని ఆంటీ నిహాల్ సాక్సులు పిండుతున్నారు. పక్కనున్న ఇంకో తల్లి శిరీష నాతో, "ఈ వయసులో ఇంతమంది పిల్లల్ని కాయడం ఆవిడ వల్ల ఏమవుతుందిలే" అంది, ఆంటీకి వినపడేలాగే. ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను కిటికీలోంచి పొలాలు చూశాను. స్లౌలో దిగేలోపే నడకల కోసం పెట్టుకున్న గ్రూపులో ఎవరో ఒక పిల్లాడి నాన్నగారు, పిల్లల భద్రత దృష్ట్యా ఈ నడకలు ఆపేద్దామని రాశారు. కింద వరసగా సరేనంటూ బొటనవేలి గుర్తులు. వాటి కింద ఆంటీ రాశారు: "సరే బాబూ. నా పొరపాటే. క్షమించండి." ప్లాట్‌ఫారం మీద నాకు సాక్సుల సంచి అందిస్తూ ఆమె అన్నది ఒకటే: "పిల్లోడి కాళ్లు వేణ్ణీళ్లలో పెట్టు. రేపు జలుబు జేస్తది."

నేను ఎం.ఎస్సీ. చదివాను. పిల్లల పెంపకం గురించి ఎన్నో చదివాను. నా భయాన్ని ప్రేమ అనుకున్నాను. అది నా పిల్లాడికి బజారంతా శత్రువుల్ని చూపించింది, నాకేమో అడ్డం పెట్టుకోవడానికి ఒక ముసలామెను చూపించింది. ఆంటీ నాకు నేర్పినవి చాలా ఉన్నాయి. "నేనే" అనే మాట ఎంత తేలిగ్గా అనవచ్చో మాత్రం ఆ రోజే చూశాను. తన తప్పు లేనప్పుడే ఆమె అంత తేలిగ్గా అనగలిగారు. తప్పు నాదైనా నా నోరు పెగల్లేదు.

మర్నాడు పొద్దున పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ కలుపుకుంటున్న పిల్లల ఎదురుగా కూర్చున్నాను. "నిన్న తమ్ముడి చెయ్యి వదిలింది నేను. ఆంటీ కాదు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు" అంది సహస్ర, చెంచా ఆపకుండా. "ఆంటీకి కూడా తెలుసు."

"మరి నన్ను తీసుకుపోతారా?" అన్నాడు నిహాల్.

"తీసుకుపోరు నాన్నా. అది కూడా నేను తప్పు చెప్పాను. తప్పిపోతే దాక్కోవద్దు. పోలీసైనా, పూలామె అయినా, నీ పేరు గట్టిగా చెప్పు." తర్వాత ఇద్దరి కోట్లూ తెచ్చి ఇలా చెప్పాను: "గ్రూపులో అందరికీ ఇప్పుడే నిజం రాస్తాను. రాశాక, చర్చికి బయల్దేరేలోపే ఆంటీ ఇంటికి వెళదాం. ఆవిడ తలుపు తీయగానే ముందు మాట్లాడాల్సింది నేను. నేను మాట్లాడకుండా నిలబడితే, మీరిద్దరూ నా చెయ్యి పట్టుకుని గట్టిగా లాగండి."