ఎంగిలి వేడి

లోపలా కాక వెలుపలా కాక గడప మీద కూర్చుండి తీర్పు చెప్పిన అహోబిలవాసునికి నమస్కరించి, సర్వధారి నామ సంవత్సర చైత్ర శుద్ధ పంచమి నాడు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. మూర్ఖత్వాన్ని గూర్చి వ్రాయడానికి దైవస్మరణ దేనికని అడిగేవారుంటారు. ఓర్పు మరెక్కడి నుండి తెచ్చుకోమంటారు?

ప్రొద్దుటూరిలో బట్టల దుకాణాలవారూ బంగారు అంగళ్లవారూ సంఘంగా కలిసి ఒక కల్యాణమండపం కట్టించారు. కింద విశాలమైన శాల, పైన రెండంతస్తుల గదులు, వెనుక వంటశాల. శాలకు కిటికీలు లేవు, కదలని అద్దాలున్నాయి. హైదరాబాదు హోటళ్లను చూసి వచ్చిన సంఘాధ్యక్షుని దృష్టిలో కిటికీ దారిద్ర్యచిహ్నం. బ్రతుకంతా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి గనుక శిలాఫలకానికి పద్యం వ్రాయమని నన్నూ సంఘంలో చేర్చుకున్నారు. తన పేరు ప్రాసస్థానంలో పడాలని అధ్యక్షుని కోరిక. ప్రాస అంటే ఏమిటో ఆయనకు తెలియదు. అది గొప్ప చోటని ఎవరో చెప్పారు.

ఆ భవనానికి హీట్ పంపు అనే యంత్రం వచ్చింది. శాలలోని వేడిని లాగివేసి, ఆ వేడితోనే స్నానాల గదులకూ వంటశాలకూ నీళ్లు కాచడం దాని పని. ఒకచోట చలువ, మరొకచోట వేడి, రెండూ ఒకే సమయంలో. ఎక్కువైన కొద్దిపాటి వేడిని డాబా మీది పంకా బయటికి ఊదివేస్తుంది. నేను చదివిన శాస్త్రాలలో ఇటువంటి యంత్రం లేదు. అయినా వినగానే అర్థమైంది. సంఘంలో అర్థమైనది నాకొక్కనికేనని తరువాత తెలిసింది.

ఆ యంత్రంతో నాకొక స్వార్థమూ ఉంది. కర్నూలులో ఉండే మా అక్కకు గుండె బలహీనం. ఉక్కకు స్పృహ తప్పుతుంది. వేసవిలో గది దాటవద్దని వైద్యుని ఆజ్ఞ. తల్లి లేని మనుమరాలిని ఆమే ఒడిలో పెట్టుకుని పెంచింది. ఆ పిల్లకు వైశాఖంలో పెళ్లి కుదిరింది.

"సల్లగుండే చోటైతే వస్తానురా. తాళి కట్టేది ఒక్కటి నా కండ్లతో జూసుకుంటే సాలు, ఇంకేం వద్దు నాకు" అంది అక్క.

మాట ఇచ్చాను. నిరుటి సర్వజిత్తు వైశాఖ శుద్ధ దశమికి ఆ మండపమే మాట్లాడాను. ఊళ్లో చల్లని శాల అదొక్కటే.

పెళ్లికి కొన్నాళ్ల ముందు యంత్రం బిగించిన ఇంజనీరు సంఘానికి దాన్ని చూపించడానికి వచ్చాడు.

"వేడి యాడి నుంచి వస్తాదప్పా?" అని అధ్యక్షుడు అడిగాడు.

"హాల్లో కూర్చున్న పబ్లిక్ బాడీ హీటే సార్! అందరి ఒంటి వేడి వేస్ట్ కాకుండా లాగేసి నీళ్లల్లో పెట్టేస్తాం."

సగమే తెలుగైన ఆ మాటలతో ఆతడు తన యంత్రానికి తానే గొయ్యి తవ్వాడు.

"అంటే ఊరందరి చెమట మా స్నానం నీళ్లల్లో పడ్తాదా?"

"చెమట రాదు సార్, వేడి ఒక్కటే. మధ్యలో గొట్టం గోడ ఉంటుంది. ఏదీ నీళ్లను తాకదు."

"తాకకుండా వేడెట్ల ఎక్కుతాదయ్యా? ఎక్కిందంటే తాకినట్లే గదా" అన్నాడు కోశాధికారి, గొప్ప తర్కం చేసినట్లు చుట్టూ చూస్తూ.

అధ్యక్షుడు కండ్లు మూసుకుని కాసేపు ఆలోచించి తేల్చాడు: "ఇది ఎంగిలి వేడి."

నాకు ఒళ్లు మండింది. ఎంగిలి నోటికి సంబంధించిన మాట. ఒకరు తినగా, త్రాగగా మిగిలినదానికి చెల్లుతుంది. వేడికి నోరెక్కడిది? ఆ సంగతి చెప్పి, "మీరు లేచిన కుర్చీ వెచ్చగా ఉంటుంది. దానిలో నేను కూర్చుంటే ఎంగిలి కుర్చీ అవుతుందా?" అన్నాను.

"కుర్చీతో స్నానం జెయ్యరు గదా సామీ!" అన్నాడు కోశాధికారి. అందరూ పగలబడి నవ్వారు.

"పోనీ, ఆ వేడిని తీసివేయగా మిగిలిన చల్లగాలో? అది ఎంగిలి కాదా?"

"సల్లగాలికి ఎంగిలేముంది అయ్యవారూ, అది పైనించి వస్తాది" అని అధ్యక్షుడు వేలెత్తి చూపించాడు. ఆకాశాన్ని కాదు; పైకప్పుకు బిగించిన జాలీని.

వేడినీళ్ల వాల్వును మూసి, గొలుసు చుట్టి, తాళం వేయించారు. యంత్రం మీద పసుపునీళ్లు చల్లించారు. పెరట్లో కట్టెల పొయ్యిల మీద కాగులెక్కించారు. వేడి పోయే దారి మూస్తే యంత్రం ఆగిపోతుందనీ, డాబా మీది పంకా ఒక్కటీ ఆ భారాన్ని మోయలేదనీ ఇంజనీరు మొత్తుకున్నాడు.

"మోయలేకుంటే మీ పంపుకు దమ్ము లేదని చెప్పప్పా, మా మీదికేం తోస్తావు?" అన్నాడు అధ్యక్షుడు.

మా పెళ్లి ఒక్కనాటికైనా తాళం తీయించమని అడిగాను. అక్క సంగతి విడమరచి చెప్పాను. "మూడు గంటల కార్యం. పంకా మోస్తాదిలే" అన్నాడాయన. తాళంచెవి ఆయన చొక్కా జేబులోనే ఉంది.

పెళ్లినాడు తెల్లవారేసరికి అక్కను కారులో తెచ్చాము. శాల నిజంగానే చల్లగా ఉంది. ముందు వరుసలో కూర్చుని, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, "చలి పుడ్తాండాదిరా" అని చిన్నపిల్లలా నవ్వింది. మధ్యాహ్నం ముహూర్తం. జనం నిండారు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు జాలీలలోని చప్పుడు ఆగింది. అద్దాల వెనుక జనమంతా ఉడికిపోసాగారు. నేను అధ్యక్షుని దగ్గరికి పరుగెత్తి తాళంచెవి ఇమ్మని చేయి చాచాను.

"పెండ్లి జరుగుతాండంగా ఎంగిలి నీళ్లు వదలమంటావా? మగపెండ్లోళ్లు ఇంటే ఏమనుకుంటారు?" అన్నాడు, విసనకఱ్ఱతో విసురుకుంటూ.

మగపెళ్లివారెవరూ ఏమీ అడగలేదు. వారు విసురుకోవడానికి శుభలేఖలు వెదుక్కుంటున్నారు. నేను వెనక్కి వచ్చేసరికి అక్క తల పక్కకు వాలిపోయి ఉంది. ఇద్దరు ఎత్తుకుని బయటికి తెచ్చి, కారులో పడుకోబెట్టి చలువ పెట్టారు. ఆమె కన్ను తెరిచేసరికి లోపల గట్టిమేళం మ్రోగుతున్నది.

"అయిపాయనా?" అంది.

అయిపోయిందన్నాను. ఆమె ముఖం అటు తిప్పుకుంది.

అధ్యక్షుడు పరామర్శకు కారు దాకా వచ్చాడు. "ఈ ఏడు శానా ఎండప్పా" అన్నాడు. పద్యం వ్రాయనని మరునాడు కబురు పంపాను.

సర్వజిత్తు కార్తీక శుద్ధ పంచమి నాడు సంఘంవారు ఆ యంత్రాన్ని పీకించి, శాల గోడలకు ఏసీ పెట్టెలు బిగించారు. వాటి వేడి వెనుక సందులో పూలమ్మేవారి మీదికి పోతుంది. నీళ్లు కట్టెల పొయ్యి మీద కాగుతున్నాయి.