మనుషుల్ని దించి వేసిన తూకం

మా బావ నన్ను మొదట కొట్టింది చెప్పుతో. ఇందుకూరుపేట దాటాక, రొయ్యల గుంటల మధ్య రోడ్డు పక్కన, మిట్టమధ్యాహ్నం, టీ అంగడి ముందర. మొదటిది చెంప మీద పడింది, రెండోది చెవి మీద. మూడోసారి చెయ్యెత్తేసరికి నేను ఆయన చొక్కా పట్టి గుంజాను. గుండీలు తెగి ఇద్దరం బురదలో పడ్డాం. ఆ బురద చేసింది కూడా నేనే. ఆయన కొత్తగా చేయించిన బండి నీళ్ల ట్యాంకు కుళాయి తిప్పేశాను.

మా అక్క మొగుడిది బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల వ్యాపారం. పాత మినీ బస్సు ఒకటి కొని, రెండు పడకలు, గ్యాసు పొయ్యి, ఏసీ, జనరేటరు పెట్టించి ఇల్లులాగా చేయించాడు. మైపాడు బీచికి వచ్చేవాళ్లకు అద్దెకిస్తాడట. ఆ రోజు తొలి ప్రయాణం. నడిపేది బావ. అక్క, వాళ్ల పన్నెండేళ్ల పాప, బావ తమ్ముళ్లిద్దరు, నేను.

నేను పదో తరగతితో చదువు ఆపి, రైసు మిల్లు కాటా పక్కన కూర్చుని లెక్క నేర్చుకున్నవాణ్ణి. బయల్దేరేముందే అడిగాను, బండిని కాటా వేయించావా బావా అని. చీటీ చూపించాడు. ఆర్సీ కార్డులో బండికి అనుమతించిన మొత్తం బరువులోంచి చీటీలోది తీసేస్తే ఇంకా ఆరు వందల కిలోలు ఎక్కించవచ్చు. సరే అనుకున్నాను.

నెల్లూరు దాటాక ఎందుకో అనుమానం వచ్చింది. వెనక పడక మీద పడుకుని ఫోను చూస్తున్న పాపను అడిగాను.

"కాటా వేసేటప్పుడు నువ్వు యాడున్నావమ్మా?"

"కిందే మామా. అందరం దిగినాం గదా."

దిగక ఏం చేస్తారు? మా మిల్లుల్లో కాటా మీద లారీ ఎక్కగానే అందరూ దిగాల్సిందే. మనిషి బరువు వడ్లలో కలిస్తే అది దొంగతనం కింద లెక్క. పుట్టినప్పటి నుంచి కాటా కనిపిస్తే దిగడమే మాకు తెలుసు. అదే అలవాటున బావ ఇంటిల్లిపాదినీ దించి, ఇంటిని తూచాడు.

ట్యాంకూ అప్పుడు ఖాళీయే. సముద్రం దగ్గర నీళ్లు ఉప్పగా ఉంటాయని తర్వాత ఊళ్లోనే అంచుదాకా నింపించాడు. ఐదు వందల లీటర్లు, అంటే ఐదు వందల కిలోలు. ఆరుగురు మనుషులం నాలుగు వందలు. తర్వాత ఎక్కించిన జనరేటరు వంద, నిండు సిలిండర్లు రెండూ కలిపి అరవై. ఆరు వందలు పట్టే చోట వెయ్యిన్ని అరవై. ఎక్కువైంది నాలుగు వందల అరవై, అంటే ఆరు బస్తాల వడ్ల పైమాట. అందులో ట్యాంకూ జనరేటరూ వెనక చక్రాలకు అవతలే ఉన్నాయి, ఆ భారమంతా వెనక టైర్ల మీదే.

టీకి ఆపగానే వంగి చూశాను. ఎడమ వైపు వెనక జంట చక్రాల్లో లోపలి టైరు గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు. చెయ్యి పెడితే కాలింది. దానికి సరిగ్గా పైన పాప పడక.

"బావా, పాపను ముందుకు రమ్మను. నీళ్లు వదిలేద్దాం."

"వడ్లు తూచినోడు ఇప్పుడు నీళ్లు తూస్తా ఉండాడు" అన్నాడు బావ తమ్ముళ్లతో.

"నీళ్లకు బరువు ల్యాదా?"

"ఉప్పునీళ్లతో మీ అక్క చేత అన్నం వండిస్తావా? పోయి టీ తాగు పో. చీటీ ఉండాదిరా నా కాడ."

"ఆ చీటీలో మనం లేము బావా."

చిన్న తమ్ముడు నవ్వాడు. "అయితే అన్నను దించేస్తే సరిపోద్ది. ఆయనే రెండు బస్తాలు."

టీ అంగడాయన కూడా నవ్వాడు. బావ ముఖం నల్లబడింది. "పాపా, నువ్వు లేవొద్దు. ఈడి మాట నా బండిలో చెల్లదు" అని కేకేశాడు. నేను వెనక్కి వెళ్లి కుళాయి తిప్పాను.

తమ్ముళ్లు నా చేతులు విరిచి పట్టుకున్నారు. బావ కడుపులో తన్నాడు. ఒక చెయ్యి విడిపించుకుని ఆయన ముక్కు మీద గుద్దాను. రక్తం నా కళ్లలో పడింది. ఆయన వీల్ స్పానరు తీసుకున్నాడు. డొక్కలో రెండు దెబ్బలు. లోపల ఏదో పుటుక్కుమంది. ఆయన బొటనవేలు నా నోటికి అందితే కొరికాను. అక్క కుక్కరు మూతతో మొగుడి వీపు మీద బాదుతోంది. "చంపేస్తావా వాణ్ణి? చంపేస్తావా?"

అప్పుడు పాప దిగింది. "నాయనా, మామను కొట్టొద్దు!" అని ఏడుస్తూ చిన్న తమ్ముడి చెయ్యి పట్టి లాగింది. బావ చక్రం పక్కన ఒక మోకాలు నేలకు ఆనించి, స్పానరు మళ్లీ ఎత్తాడు.

టైరు పేలింది.

దుమ్ము కళ్లలోంచి పోయాక చూస్తే బావ చెవి పట్టుకుని మట్టిలో పొర్లుతున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం. ఆయన నోరు తెరిచి అరుస్తున్నాడు, నాకు వినపడటం లేదు. బండిలోకి ఎక్కి చూశాను. రబ్బరు పట్టీ ఒకటి అడుగు రేకునూ ప్లైవుడ్డునూ చీల్చుకుని పైకి వచ్చింది. పాప దిండులోంచి టైరులోని ఉక్కు తీగలు బయటికి పొడుచుకుని ఉన్నాయి. పక్కన ఆమె ఫోను రెండు ముక్కలు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది. సగం ట్యాంకు కూడా ఖాళీ కాలేదు.

నా లెక్క తప్పు కాదు. కానీ పాపను దించింది అది కాదు. నన్ను చావగొడుతుంటే చూడలేక దిగింది. దీన్ని ఏ గడిలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

బావకు ఎడమ చెవి వినికిడి పోయింది. నాకు రెండు పక్కటెముకలు విరిగాయి. టైరు చూడ్డానికి వంగితే ఇప్పటికీ పట్టేస్తాయి. క్షమించమని ఆయన అనలేదు, నేనూ అనలేదు.

ఇప్పుడు ట్యాంకు చిన్నది, బండి మధ్యలో ఉంది. మొన్న మళ్లీ బయల్దేరేముందు నిండు ట్యాంకుతో కాటా ఎక్కించాడు. కాటా కుర్రాడు అలవాటుగా "దిగండి, దిగండి" అన్నాడు.

"ఎవురూ దిగొద్దు" అని అరిచాడు బావ. "పాపా, నీ పడక మీద నువ్వు పండుకో."

ముందు మొత్తం బండిని, తర్వాత వెనక చక్రాలను మాత్రమే కాటా మీద పెట్టి తూయించాడు. చీటీ నా చేతికిచ్చి, కుడి చెవి నా వైపు తిప్పాడు.

"ఎంతరా?"

చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాను.