పద్నాలుగో నంబరుకు దారి చెప్పిన మనిషి

మా మేనత్తకు కారు నడపడం రాదు. సైకిలు కూడా రాదు. అయినా ఇరవై ఆరేళ్లపాటు నలభై టాక్సీలను ఊరంతా తిప్పింది. టైర్ల కొట్టు పైనున్న గదిలో, తలుపు తీస్తే మోకాలికి తగిలే బల్ల ముందు కూర్చుని, మైకు మీట నొక్కి డ్రైవర్లకు దారి చెప్పడం ఆవిడ ఉద్యోగం. చిన్నప్పుడు బడి వదలగానే నేను అక్కడికే వెళ్లేదాన్ని. కింద రబ్బరు వాసన, పైన ఫ్యాను చప్పుడు, మధ్యలో అత్తయ్య గొంతు. ఇప్పటికీ కొత్త టైరు వాసన తగిలితే చాలు, హోంవర్కు చెయ్యలేదన్న భయం పుడుతుంది నాకు.

గోడ మీద ఒక పెద్ద పటం ఉండేది. అది ఏ కాలం నాటిదో గానీ, సగం వీధులు అందులో లేవు. డ్రైవర్లు మోసుకొచ్చే కబుర్లను బట్టి అత్తయ్య పెన్సిలుతో దాన్ని దిద్దుతూ ఉండేది. వాళ్లు పెట్టిన పేర్లే రాసేది. పిండిమర పక్కన ఉన్నది తుమ్ముల వంతెన. ఎంత మంచి కారైనా ఎక్కలేక మొరాయించే ఎత్తు దారి అలక సందు. ఆ పేర్లు మున్సిపాలిటీకి తెలియవు. నలభై మంది డ్రైవర్లకూ, అత్తయ్యకూ, నాకూ తెలుసు.

ఆవిడకు ఒక నియమం ఉండేది. ఎవరు దారి అడిగినా వెంటనే చెప్పేది కాదు. "ముందు ఏం కనిపిస్తోందో చెప్పండి" అనేది. వాళ్లు చెబుతుంటే కళ్లు మూసుకుని వినేది. మనిషి ఎక్కడున్నాడో తెలియకుండా దారి చెప్పడం చీకట్లో బాణం వెయ్యడమేనని నాకు ఎక్కాలతో పాటు నేర్పింది.

అందరికంటే ఎక్కువసార్లు దారి అడిగినవాడు పద్నాలుగో నంబరు డ్రైవరు. ఇది నేను పుట్టకముందు మాట. "కంట్రోల్, పద్నాలుగు. దారి తప్పాను" అని రోజుకు మూడుసార్లయినా అతని గొంతు మోగేదట. ఆఫీసులో అతనికి తప్పిపోయిన పద్నాలుగు అని పేరు పడిపోయింది. ఇలాంటి మొద్దును ఎవడు పనిలో పెట్టాడని యజమాని ఒకసారి గట్టిగానే అరిచాడట. తీరా ఆరా తీస్తే, అతను ఆ ఊళ్లోనే పుట్టి, పదేళ్లు గడపగడపకూ పేపర్లు వేసి పెరిగినవాడు. కళ్లకు గంతలు కట్టి వదిలినా ఇల్లు చేరగలడు. "చెప్పండి పద్నాలుగు, ఏం కనిపిస్తోంది?" అన్న ఆ గొంతు వినడానికే రోజూ తప్పిపోయేవాడు. అలా తప్పిపోయి తప్పిపోయి చివరికి మా మామయ్య అయ్యాడు.

కంపెనీ మూతపడి పదకొండేళ్లయింది. ఆ పటం ఎవరు పట్టుకుపోయారో తెలియదు. సొంత కారులో మాత్రం అత్తయ్య పక్క సీట్లో కూర్చుని "పద్నాలుగూ, ఎడమకి" అనడం, మామయ్య నోరు మెదపకుండా తిప్పడం మానలేదు. రెండేళ్ల కింద ఆవిడ చూపు మధ్యలో మసక మొదలైంది. కళ్లజోడుతో పోయేది కాదు, నెలకోసారి కంట్లో సూది వేయించుకోవాలి. ఆ ఆసుపత్రి ఊరికి కొత్తగా పెరిగిన వైపు, ఒకదాని మీద ఒకటి ఎక్కే వంతెనల అవతల ఉంది. ఒక నెల ఆ వంతెనల మీద గంటసేపు చక్కర్లు కొట్టి, వాళ్లు చేరేసరికి డాక్టరు వెళ్లిపోయింది. మళ్లీ వెళ్లినప్పుడు ఇద్దరినీ చెడామడా తిట్టింది. పోయిన చూపు తిరిగి రాదు, ఇంకోసారి ఆలస్యం చేస్తే నన్ను అడగొద్దు అంది.

ఆ వారమే మామయ్య నేను పనిచేసే మందుల షాపుకు వచ్చాడు. చుక్కల మందు చీటీ ఇచ్చి, అక్కడే నిలబడ్డాడు.

"పాత కారు ఇంక లాగదమ్మా. కొత్తది చూశాను. దాన్లోనే దారి చెప్పే మ్యాపు పెట్టించుకోవచ్చట. అది తీసుకోమంటావా?"

"ఎంత ఎక్కువట?"

"ఆ పెద్ద స్క్రీనుకి ముందే కొంత. మూడేళ్లయ్యాక ఏడాదికింత అని కడుతూ ఉండాలి."

"ఫోన్లో ఊరికే వస్తుంటే దానికి డబ్బులు తగలెయ్యడం దేనికి మామయ్యా?" నాకు ఇలాంటివంటే ఒళ్లు మంట.

"ఫోనూ పెట్టి చూశాను. అది జారి బ్రేకు కింద పడింది. అదృష్టం బాగుండి ఎవరినీ గుద్దలేదు." కౌంటరు మీద వేలితో గీతలు గీశాడు. "డబ్బు సంగతి కాదమ్మా. మీ అత్తయ్యకి ఇప్పుడు బోర్డులు కనిపించట్లేదు. నాకు తెలుసని తనకి తెలీదు. ఫలానా మలుపు కనిపించిందా అంటే, ఆఁ కనిపించింది అంటాను. రేపు ఆ డబ్బాని తెచ్చి మధ్యలో కూర్చోబెడితే, తను పక్క సీట్లో ఎందుకు కూర్చోవాలి?"

"పెట్టకపోతే?"

"కన్ను పోతుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా దగ్గర కళ్లకు చుక్కలున్నాయి గానీ దీనికి మందు లేదు. ఆదివారం కారు నడిపి చూద్దామని ముగ్గురం షోరూముకు వెళ్లాం.

అక్కడ మెడలో తాడుకు కళ్లజోడు వేలాడదీసుకున్న ఒకావిడ మాకు కారు చూపించింది. సొరంగంలో కూడా దారి పోగొట్టుకోదు, ముందున్న రద్దీని ముందే చెబుతుంది, స్క్రీను కదలదు, జారదు అని వరసగా అప్పజెప్పింది. అత్తయ్య ఆ అద్దాన్ని వేళ్లతో తడిమి చూసింది.

"వెచ్చగా ఉందే. టిఫిను బాక్సు ఆనించుకోవచ్చు" అంది.

అత్తయ్య ముందు సీట్లో, నేనూ షోరూమ్ ఆవిడా వెనక. కారు రోడ్డెక్కగానే డబ్బా గొంతు విప్పింది. "రెండు వందల మీటర్లలో కుడివైపు తిరగండి."

"పద్నాలుగూ, ఎడమకి" అంది అత్తయ్య.

ఒక ఒరలో రెండు కత్తులు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఎడమకే తిప్పాడు. డబ్బా అలగకుండా కొత్త దారి వెతుక్కుంది. అలా మూడు మలుపులు అది ఒకటి చెప్పడం, ఈవిడ ఇంకోటి చెప్పడం, మామయ్య ఈవిడ మాటే వినడం జరిగింది. నాకు లోపల నవ్వూ, పైకి చెమటలూ.

"ఎర్రచారల నీళ్ల ట్యాంకు దగ్గర మళ్లీ ఎడమకి. కనిపించిందా?"

"ఆఁ, కనిపించింది" అన్నాడు మామయ్య.

నేను చూశాను. అక్కడ నాలుగంతస్తుల కార్ల పార్కింగు ఉంది.

"ఏ ట్యాంకండీ?" అంది నా పక్కనున్న షోరూమ్ ఆవిడ. నేను మోకాలు గిల్లేలోపే అనేసింది.

"కారు పక్కన ఆపండి" అంది అత్తయ్య. మామయ్య ఆపాడు. "ఆ ట్యాంకు కూల్చి నాలుగేళ్లయింది. కూల్చిన రోజు ఏడుగురు డ్రైవర్లు ఫోన్ చేశారు నాకు, ఇంట్లో ఎవరో పోయినట్టు."

మామయ్య స్టీరింగు వదల్లేదు.

"రెండేళ్లుగా చూస్తున్నాను. లేనివన్నీ కనిపించాయంటారు. పడగొట్టిన సినిమా హాలు కనిపించిందన్నారు. ఇదేదో తేల్చుకుందామని, ఈ ఊళ్లో ఎన్నడూ లేని గడియార స్తంభం అడిగాను. అదీ కనిపించిందన్నారు! టైమెంతయిందో కూడా చెప్పేవారేమో అడిగితే."

"నువ్వు బాధపడతావని..."

"నా కళ్లు నాకు తెలీకుండా పోతాయా? నా బాధ అది కాదు." ఆవిడ గొంతు వణికింది. ఆ గొంతు వణకడం నేను అప్పటిదాకా వినలేదు. "నేనీ ఊరిని నా కళ్లతో ఎప్పుడు చూశానండీ? గదిలో కూర్చుని నలభై మంది కళ్లతో చూశాను. ఇప్పుడు మిగిలింది మీరొక్కరు. మీరే అబద్ధం చెబితే నేనెక్కడున్నానో నాకెలా తెలుస్తుంది?"

నాకు ఏడుపొచ్చింది. డబ్బు దండగని వాదించినదాన్ని, అసలు ఈ మాట ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

కాసేపటికి అత్తయ్యే కొంగుతో మొహం తుడుచుకుని వెనక్కి తిరిగింది. "ఇది తీసుకుంటాం అమ్మా. కొత్త ఊరు దానికే తెలుసు, నాకు తెలీదు. ఆసుపత్రికి అదే చెప్పనీ. కానీ ఇందాకట్నించి వింటున్నాను, ఏం కనిపిస్తోందని ఒక్కసారైనా అడిగిందా?"

"దానికి అన్నీ తెలుసండీ, అడగక్కర్లేదు" అంది షోరూమ్ ఆవిడ.

"తెలిసినా అడగాలమ్మా" అంది అత్తయ్య.

మామయ్య తల దించుకుని నవ్వాడు.

నెల తిరిగేసరికి ఆసుపత్రి రోజు వచ్చింది. తోడుగా నేనూ వెళ్లాను. డబ్బా చెప్పినట్టే వంతెనలెక్కి దిగి, ఇరవై నిమిషాలు ముందే చేరాం. సూది వేసి, కంటికి కట్టు కట్టి పంపించారు. తిరుగు దారిలో అద్భుతం ఏమిటంటే, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మామయ్య దారిపొడుగునా మాట్లాడాడు. ఎడమ పక్క పరుపుల కొట్టు, బయట పరుపు మీద కుక్క పడుకుంది. పిండిమర మూసేశారు, తుమ్ముల వంతెన మీద ఇప్పుడెవరూ తుమ్మట్లేదు. అత్తయ్య రెండో కన్ను కూడా మూసుకుని వింటోంది.

మా వీధి మలుపు వచ్చింది. మామయ్య తిప్పలేదు. డబ్బా వెనక్కి తిరగమంది.

"మామయ్యా, ఇల్లు దాటిపోయింది" అన్నాను.

ఆయన డబ్బా గొంతు నొక్కేశాడు. ఇంకో రెండు వీధులు పోయి కారాపి, అద్దం దించాడు. గొంతు సవరించుకున్నాడు.

"కంట్రోల్, పద్నాలుగు. దారి తప్పాను."

అత్తయ్య బొటనవేలు ఒళ్లో ఉన్న హ్యాండ్‌బ్యాగు అంచును నొక్కింది, మీట నొక్కినట్టు.

"చెప్పండి పద్నాలుగు, ఏం కనిపిస్తోంది?"

కిటికీలోంచి రబ్బరు వాసన వచ్చింది.

"టైర్ల కొట్టు. మెట్లు అలాగే ఉన్నాయి. పైన గది కిటికీ మూసుంది. గోడకి ఆకుపచ్చ రంగేశారు, ఏం బాలేదు. లోపల ఎవరూ లేరు."

"సరే" అంది అత్తయ్య. "నేనెక్కడున్నానో తెలిసింది. ఇంక ఇంటికి పదండి."