ఖాళీగా ఎగిరిన చివరి వరసలు

పోయిన నెల మా అమ్మాయిని చూడటానికి ఇక్కడ ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి ఉత్తరాన గనుల ఊరికి విమానంలో వెళ్తుంటే నాకు అట్టచివరి వరసలో సీటు దొరికింది. జీవితమంతా ముందు కూర్చుని విమానాలు నడిపినవాణ్ణి, తోక దగ్గర మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవలసి వచ్చినందుకు చిరాకు పడాల్సింది పోయి నవ్వుకున్నాను. మా రోజుల్లో ఇదే రకం జెట్‌లో ఆ చోట అసలు సీట్లే ఉండేవి కావు.

అప్పట్లో నేనొక చిన్న విమాన కంపెనీలో కో-పైలట్‌ని. మా అక్క భర్త, అంటే మా బావగారు, మా కంపెనీకి యజమాని అయిన పెద్ద కంపెనీలో కెప్టెన్. ఆ పెద్ద కంపెనీ పైలట్లు యాజమాన్యంతో చేసుకున్న ఒప్పందంలో, మేం నడిపే జెట్లలో ఇన్ని సీట్లకు మించి ఉండకూడదని ఒక షరతు ఉండేది. మాకు వచ్చిన కొత్త జెట్లు అంతకన్నా కాస్త పెద్దవి కావడంతో, వెనక వరసలు ఊడదీసి, ఖాళీ నేలతోనే ఎగరేసేవాళ్ళం. ఆ షరతు సడలితే మాకు మరిన్ని జెట్లు వస్తాయి, నేను కెప్టెన్ని అవుతాను. లేదంటే కో-పైలట్‌గానే నా తల నెరుస్తుంది. దాని మీద పెద్ద కంపెనీ పైలట్లు ఓట్లు వేసుకున్నప్పుడు, షరతు ఉండాలనే తాను ఓటేశానని బావగారు దాపరికం లేకుండా చెప్పారు. ఇక ఆదివారాలు అక్క ఇంట్లో భోజనాలకి కూర్చుంటే, పచ్చడి గిన్నె అందించుకోవడం తప్ప మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. పాపం అక్క అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఆ ఏడాదే అమ్మ తెనాలి నుంచి వచ్చింది. కొడుకు నడిపే విమానం ఎక్కాలని ముచ్చటపడితే ఎక్కించాను గానీ, దిగిన దగ్గర్నుంచీ ఆవిడ ముఖంలో కళ లేదు. ఆ ఆదివారం అందరం తింటుండగా మెల్లగా అల్లుడి వైపు తిరిగింది. "అల్లుడుగారూ, మావాడి కంపెనీ వెనక కుర్చీలు కూడా కొనుక్కోలేని స్థితిలో ఉందండీ. మీది పెద్ద కంపెనీ కదా, ఆ నాలుగు కుర్చీలూ మీరు చెప్పి వేయించకూడదూ?"

అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ముందు నేను నవ్వాను, తరవాత బావగారు పొలమారేదాకా నవ్వారు. నవ్వు ఆగాక, ఆవిడతో చెబుతున్నట్టే నాకు చెప్పారు. "ఆ సీట్స్ వేస్తే మీవాడు కెప్టెన్ అవుతాడు అత్తయ్యగారూ, ఐ'మ్ హ్యాపీ ఫర్ హిమ్. కానీ మా ఫ్లయింగే వీళ్ళు తక్కువ జీతానికి చేస్తుంటే మా మేనేజ్‌మెంట్ మమ్మల్ని ఎందుకు కీప్ చేస్తుంది? రేపు వీడు మా కంపెనీకి రావాలన్నా జాబ్ ఎక్కడుంటుంది?" ఆ మాటతో నా కోపం సగం చల్లారింది. ఆశ మాత్రం చావలేదు.

తరవాతి ఒప్పందంలో షరతు ఎగిరిపోయింది. ఊడదీసిన సీట్లు మళ్ళీ బిగించారు, నన్ను కెప్టెన్ని చేశారు, ఆనందంతో నేల మీద నిలవలేకపోయాను. పెద్ద కంపెనీ తిప్పే రూట్లు ఒకటొకటిగా మాకు వచ్చేశాయి, బావగారు తాను అనుకున్నదానికన్నా ముందే ఇంటి దగ్గర కూర్చున్నారు. ఆ రోజుల్లో చిన్న కంపెనీలో కెప్టెన్‌గా నాలుగేళ్ళు ఒళ్ళు వంచితే పెద్ద కంపెనీ పిలుస్తుందన్న భరోసా మా తరానికి ఉండేది. ఇప్పుడు పెర్త్‌లో మా పేట పియారా వాటర్స్‌లో ఏ బార్బీకి, అంటే పెరట్లో పెట్టుకునే బార్బెక్యూ విందుకి, వెళ్ళినా, మనవాళ్ళ పిల్లల్లో పైలట్లయినవాళ్ళు, అంకుల్, పెద్ద జెట్స్‌కి ఎలా వెళ్ళాలి అని అడుగుతారు. వాళ్ళ ప్లేట్లలో ఇంకో ముక్క వడ్డించి, ఆ నాలుగు కుర్చీల కథ చెబుతాను.

నేను కెప్టెన్నయిన రోజు అందరికన్నా ముందు ఫోన్ చేసింది బావగారే. అప్పటిదాకా, ఎంత మాటల్లేని రోజుల్లోనైనా, గుమ్మంలో ఎదురైతే "ఏం బామ్మర్దీ" అని వీపు మీద చరిచే మనిషి, ఆనాటినుంచీ నన్ను కెప్టెన్ గారూ అనే పిలిచారు. వెక్కిరింతయితే నేనూ నాలుగు అంటించేవాణ్ణి. మనస్ఫూర్తిగా, గౌరవంగానే అన్నారు. పోయేదాకా అలాగే పిలిచారు. కోరుకున్నది దొరికింది, సంతోషించాను, అబద్ధమాడను. కానీ ఈ వయసులో నన్ను బామ్మర్దీ అనేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.