ఎవరి చాట వాళ్లకే

రాయికల్ మానస ముందు మాటిచ్చి తర్వాత ఆలోచించే రకం. సిరిసిల్లలో ప్రకాశ్ ఇంటి వెనక షెడ్డులో ఎనిమిది సాంచెలున్నాయి, అంటే మరమగ్గాలు. నేతలో పోగు తెగితే కెమెరాతో కనిపెట్టి సాంచెను ఆపే ప్రోగ్రామ్ ఆమె రాసింది. ఒక్క సాంచెకైతే చక్కగా పనిచేసింది. ఎనిమిదికీ తగిలిస్తే మూరెడు బట్ట పాడయ్యాక గానీ ఆపడం లేదు. "ఎనిమిది కోర్ల కంప్యూటర్ తెప్పియ్యన్నా, ఉరుకుతది" అంది. తెప్పించాడు. ఉరకలేదు.

తప్పు యంత్రానిది కాదు. ఒక సాంచె తర్వాతే ఇంకో సాంచెను చూసేలా రాసింది ఆమే. కంప్యూటర్‌లో లెక్కలు చేసే కోర్లలో ఒకటి చెమటోడుస్తుంటే మిగతా ఏడు గట్టు మీద కూర్చున్నాయి.

"రేపు పగటీలి పన్నెండు దాంక సూస్త చెల్లె. కాకుంటే హైదరాబాదోళ్లను పిలుస్త" అన్నాడు ప్రకాశ్. డిప్లొమా చదివాక మానస పనిని నమ్మిన మొదటి మనిషి అతనే.

మర్నాడు పదకొండుకల్లా పనిని ఎనిమిది కోర్లకూ పంచింది. పరీక్షకని కార్మికులు ఒకేసారి కత్తెరలతో పోగులు తెంపారు. ఏడు సాంచెలు టక్కున ఆగాయి. వాళ్లలో మొండయ్య నడిపే సాంచె మాత్రం ఏమీ ఎరగనట్టు నేస్తూనే ఉంది. ప్రకాశ్ గోడ గడియారం వైపు చూశాడు.

అప్పుడే బీడీలు చుట్టే అమ్మ సరోజన ఫోను. "తిన్నవా బిడ్డా? నేను గిప్పుడే చాట పక్కకు పెట్టిన."

చాట అనగానే చిన్ననాటి గొడవ గుర్తొచ్చింది. సెలవుల్లో బీడీలు చుడుతూ మానస తనవి పక్కింటి లింగవ్వ చాటలో వేసింది. ఎవరివెన్నో తేలక వాడంతా లొల్లి. ఆరోజు అమ్మ ఒకటే చెప్పింది: ఎవరి చాటలో వాళ్లు చుట్టుకోవాలి, కట్టలు కట్టాకే గంపలో కలపాలి.

ఇక్కడ ఎనిమిది కోర్లూ తెగిన పోగులను ఒకే జాబితాలో రాస్తున్నాయి. ఒకటి రాసింది మరొకటి చెరిపేస్తోంది. మానస ఫోను పెట్టేసి, ఒక్కో కోరుకు ఒక్కో జాబితా చేసింది. అన్నీ రాసుకున్నాకే ఒకచోట కలిపింది.

పన్నెండుకు పది నిమిషాలు. మళ్లీ ఎనిమిది కత్తెరలు లేచాయి. తెంపమన్నట్టు ప్రకాశ్ చెయ్యి దించాడు.

ఎనిమిది సాంచెలూ ఆగి షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఇంట్లోంచి అతని భార్య శ్రీలత తొంగి చూసి అడిగింది. "కరెంటు పోయిందా?"

ప్రకాశ్ వేలితో పైకి చూపించాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. దాని కింద మానస ముఖం కప్పుకొని ఏడుస్తోంది.