పాలవాళ్లకు అమ్మని బండి

మదీనాగూడలో బొంబాయి హైవే పక్కనున్న మోటారుసైకిళ్ల షోరూములో నరసింహమూర్తి సేల్స్‌మన్. తణుకు నుంచి వచ్చినవాడు. ఇన్నేళ్లలో అతను అమ్మిన బండ్లలో సగానికి పైగా పాలవాళ్లకే వెళ్లాయి. శేరిలింగంపల్లి నుంచి, నల్లగండ్ల నుంచి రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని నగరంలోకి పోయే బరువు మోసే బండ్లవి. ఆ గిరాకీ అంతా లింగయ్య తెచ్చిపెట్టిందే. తన బండి కొన్నాక ఆయన తమ్ముణ్ణి, బావమరిదిని, వాడలో పాలు పోసే ప్రతివాణ్ణీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మూర్తి కిరాయికి ఉంటున్నది కూడా నల్లగండ్లలో లింగయ్య ఇంటి ముందు గదిలోనే.

సైబర్ టవర్స్ తెరిచిన మరుసటి ఏడాది కంపెనీ క్రూజర్ అనే కొత్త మోడల్‌ను దింపింది. కిందికి దిగిన సీటు, వెడల్పాటి హ్యాండిలు, ముఖం కనిపించేంత మెరిసే టాంకు. కాళ్లు ముందుకు చాపుకుని నడపాలి. అదే నెలలో కూకట్‌పల్లిలో పోటీ కంపెనీవాళ్లు తమ బండి ధర తగ్గించి, హెల్మెట్ ఉచితమని బ్యానర్ కట్టారు. తామూ తగ్గిస్తామని మూర్తి అనుకున్నాడు. కంపెనీ తరఫున వచ్చిన ఉదయ్ భాస్కర్ ధర పెంచాడు.

సేల్స్‌వాళ్లను కూర్చోబెట్టి ఎందుకో చెప్పాడు. ధర తగ్గిస్తే బండిలో ఏదో లోపముందనుకుంటారు. పెంచితే ఏదో గొప్ప ఉందనుకుంటారు. రోడ్డు మీద మొదట ఎవరు నడుపుతూ కనిపిస్తే, తర్వాత అలాంటివాళ్లే వచ్చి కొంటారు. అందుకని మొదటి విడత బండ్లు సాఫ్ట్‌వేర్ వాళ్లకే పోవాలి.

"ఒక్క పాలక్యాను వేలాడిందంటే ఈ మోడల్ పని అయిపోయినట్టే మూర్తిగారూ. పాలవాళ్లకు పాత మోడల్ చూపించండి. ఇది ఇవ్వం అని మాత్రం అనకండి. ఫుల్ రేటు చెప్పండి, వాళ్లే పోతారు."

మూర్తి తలూపాడు. ఆ బండి తనకొకటి కావాలని లింగయ్య అతనితో ముందురోజే అన్నాడు.

లింగయ్య పాల వ్యాపారం మానేశాడు. గేదెలు మేసే జాగాలో గోడలు లేచాయి. ఇన్నేళ్లూ క్యాన్ల మధ్య ముడుచుకుని కూర్చున్నాననీ, ఒక్కసారి కాళ్లు చాపుకుని బండి నడపాలనుందనీ భార్య చంద్రమ్మతో అంటుంటే మూర్తి విన్నాడు. "చాపుకొని కూసోనీకి ఇంట్ల మంచం లేదా?" అందామె.

సోమవారం లింగయ్య ఇస్త్రీ ధోతి కట్టి, తలపాగా చుట్టి షోరూముకు వచ్చాడు. మూర్తి పూర్తి రేటు చెప్పి, బేరం కోసం చూశాడు. కనీసం సీటు కవరు దగ్గరైనా పేచీ పడకుండా బండి కొన్నవాణ్ణి అతను ఎరగడు. పేచీ పడితే పంపించడం తేలిక. లింగయ్య బేరమాడలేదు. కండువా ముడి విప్పి నోట్ల కట్టలు బల్ల మీద పెట్టాడు.

"నీ దగ్గర బేరమేంది సారు. మంచిది చూసి తియ్యి."

మూర్తికి ఏమీ అనిపించలేదు. ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు ఆగాడు. తర్వాత, స్టాకు లేదన్నాడు. అతని వెనక నాలుగు బండ్లు నిలబడి ఉన్నాయి.

"మరి గివి?"

"బుక్కయిపోయాయండి."

అయితే ఒక్కసారి కూర్చుని చూస్తానన్నాడు లింగయ్య. కూర్చున్నాడు. కాళ్లు చాపాడు. భుజాలు వెనక్కి పోయాయి. బండి ఆయన కొలతలకే చేసినట్టుంది.

అద్దాల గదిలోంచి ఉదయ్ భాస్కర్ బయటికొచ్చాడు. కదలొద్దని లింగయ్యకు చెప్పి కెమెరా తెప్పించాడు. ఈ మీసం, ఈ ఠీవి డబ్బులిచ్చినా దొరకవనీ, ఆఫీసు కుర్రాళ్లకు కావలసింది ఇదేననీ మూర్తి చెవిలో అన్నాడు. తలపాగా సర్దమన్నాడు. మూర్తి సర్దాడు.

ఫోటోలయ్యాక లింగయ్య దిగి, కట్టలు మళ్లీ కండువాలో పెట్టుకున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"నిజం చెప్పు మూర్తి సారు. నాకు అమ్మొద్దన్నరా?"

ఉదయ్ భాస్కర్ అక్కడే ఉన్నాడు.

"స్టాకు లేదండి."

"సరే తియ్యి." లింగయ్య ముడి బిగించాడు. "ఫోటోనన్న మంచిగొస్తదా?"

గది ఖాళీ చెయ్యమంటారనుకుంటూ మూర్తి ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాడు. చంద్రమ్మ రోజూలాగే టీ ఇచ్చింది. టీవీ ముందున్న లింగయ్య జరిగి చోటిచ్చాడు. మూర్తి కూర్చున్నాడు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తర్వాత కూడా ఎత్తలేదు.

నెల తిరక్కుండానే లింగయ్య ఫోటో షోరూము అద్దం మీద నిలువెత్తున వెలిసింది. హుందాగా ఉంటుందని నలుపు తెలుపుల్లో వేయించారు. పేరు లేదు. కూకట్‌పల్లివాళ్లు ధర ఇంకా తగ్గించారు. అయినా మాదాపూర్ ఆఫీసుల కుర్రాళ్లు ఇక్కడికే రాసాగారు. వాళ్లలో రోహిత్ అనే ఇంజనీరు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఈయన మోడలా, లేక నిజంగానే ఈ బండి నడుపుతాడా అని అడిగాడు.

"మా ఇంటి ఓనరేనండి," అన్నాడు మూర్తి. "నడుపుతారు."

"ఏ కలర్ తీసుకున్నారు?"

"నలుపండి."

తనకూ నలుపే రాయమన్నాడు రోహిత్. మూర్తి రాశాడు.